పాత చిన్న అపార్ట్‌మెంటు భవనం కొని బాగు చేయించడం: హైదరాబాద్ కొనుగోలుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెబుతున్నది ఎలాంటి భవనాల గురించి?

హైదరాబాద్‌లో 1980, 1990 దశకాల్లో 150 నుంచి 300 గజాల స్థలాల్లో కట్టి, నాలుగు నుంచి ఎనిమిది పోర్షన్లుగా అద్దెకిచ్చిన రెండు మూడు అంతస్తుల భవనాల గురించి. చిక్కడపల్లి, నల్లకుంట, విద్యానగర్, మలక్‌పేట, సీతాఫల్‌మండి, అమీర్‌పేట వెనుక వీధుల్లో ఇలాంటివి ఇప్పటికీ వరుసగా కనిపిస్తాయి. భవనం మొత్తం ఒకే కుటుంబం పేరున ఉంటుంది కాబట్టి, ఫ్లాటు కొన్నప్పుడు వచ్చే స్థలంలో విడదీయని ఉమ్మడి వాటా, సంఘం తీర్మానాలు, ఇరుగుపొరుగు ఓనర్ల అభ్యంతరాలు ఇక్కడ ఉండవు. అయితే నేల నుంచి ట్యాంకు దాకా ప్రతి లోపానికీ బాధ్యులు మీరొక్కరే అవుతారు.

అద్దెల మీద నిజంగా ఎంత గిట్టుతుంది?

చాలామంది ఆశించే దానికంటే తక్కువే గిట్టుతుంది. ఊహాజనితమైన ఒక లెక్క చూద్దాం. 200 గజాల స్థలంలో ఆరు పోర్షన్లున్న భవనాన్ని 2.80 కోట్ల రూపాయలకు కొన్నారనుకోండి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో 21 లక్షలు. ఒక్కో పోర్షన్‌కు నెలకు 14,000 చొప్పున ఏడాదికి 10.08 లక్షల అద్దె వస్తుంది. అందులో ఇంటి పన్ను, వాచ్‌మన్ జీతం, మోటారు మరమ్మతులు, పోర్షన్లు ఖాళీగా ఉన్న రోజులు కలిపి రెండు లక్షలు తీసేస్తే 8 లక్షల పైచిలుకు మిగులుతుంది. మీరు పెట్టిన 3.01 కోట్ల మీద అది మూడు శాతానికి కూడా రాదు.

ఇప్పుడు 30 లక్షలు పెట్టి బాగు చేయించగా అద్దె 18,000కు పెరిగిందనుకుందాం. ఏడాదికి అదనంగా వచ్చేది 2.88 లక్షలు, అంటే ఆ 30 లక్షల మీద 9.6 శాతం. పైకప్పు పూత, రంగులు, మోటారు వంటివి కొన్నేళ్లకోసారి మళ్లీ చేయించవలసి వస్తాయి గనుక ఈ తొమ్మిది శాతంలో కొంత అరుగుదలకు పోతుంది. అయినా కొనడానికి పెట్టిన రూపాయి కంటే బాగు చేయడానికి సరైన చోట పెట్టిన రూపాయే ఎక్కువ సంపాదిస్తుంది. కొనుగోలు ధరలో అధిక భాగం స్థలానికి పోతుంది. స్థలం విలువ పెరగవచ్చు గానీ నెల నెలా డబ్బు ఇవ్వదు. అద్దెను తెచ్చేది భవనం. అందుకే ధర దగ్గర స్థలం లెక్కతో బేరమాడి, మరమ్మతు దగ్గర అద్దె లెక్కతో నిర్ణయం తీసుకోవాలి. ఈ రెండు లెక్కలనూ కలిపేసుకున్నవారే ఎక్కువగా నష్టపోతున్నారన్నది నా అభిప్రాయం.

బ్యాంకు అప్పుతో కొనడం మంచిదేనా?

పై ఉదాహరణలో అద్దెతో వాయిదాలు తీరవు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 75 లక్షలు దాటిన గృహ రుణం ఆస్తి విలువలో 75 శాతానికి మించకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలోకి రావు. అంటే 2.10 కోట్ల దాకా అప్పు దొరకవచ్చు, కానీ 8.5 శాతం అనుకున్నా మొదటి ఏడాది వడ్డీయే సుమారు 17.85 లక్షలు. బాగు చేయించిన తర్వాతి అద్దె కూడా 12.96 లక్షలే. జీతం లేదా వ్యాపార ఆదాయం నుంచి ఆ తేడాను ఏళ్ల తరబడి భరించగలిగినవారు తప్ప మిగతావారు సొంత డబ్బుతోనే దిగాలి. లేదా అప్పును మరమ్మతు ఖర్చు మేరకే పరిమితం చేసుకోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, ముప్పై ఏళ్లు దాటిన కట్టడానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందో ఇంజినీరు ధ్రువీకరించాలని బ్యాంకులు అడుగుతాయి. ఆ గడువును బట్టి రుణ కాలాన్ని కుదిస్తాయి.

ఏయే కాగితాలు చూడాలి?

ముందుగా లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతవరకు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూడాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి ఈసీ దొరుకుతుంది. అంతకు ముందటి లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. 1980ల నాటి భవనానికి స్థలం కొన్న దస్తావేజు తరచూ ఆ పాత కాలానిదే అయివుంటుంది కాబట్టి, ఈ పనిని వదిలేసి ఆన్‌లైన్ ఈసీతో సరిపెట్టుకోవడం తగదు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా అయిన 22-ఎలో సర్వే నంబరు ఉందేమో, వక్ఫ్, దేవాదాయ భూముల వివాదం ఉందేమో, 1976 నాటి పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం కింద మిగులు భూమిగా తేలిందేమో న్యాయవాది చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. ఆ చట్టం 2008లో ఇక్కడ రద్దయినా, అంతకు ముందే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న భూముల చిక్కు అలాగే ఉంది. చెరువుకు దగ్గరలో ఉంటే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) కూడా చూడాలి. చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో ఏర్పడిన తర్వాత ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతామంటే ఒప్పుకోకండి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చినా యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అన్నదమ్ములు పంపకం చేసుకున్న ఇల్లు. అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలా?

తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే కూతుళ్లు కొడుకులతో సమానంగా వారసులు. పిత్రార్జితమైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే పెళ్లికాని కూతుళ్లకు సహదాయాద హక్కు, అంటే కొడుకులతో సమానంగా పుట్టుకతో వచ్చే వాటా ఉంది. 2005 కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది. కాబట్టి పంపకం పత్రంలో కూతుళ్ల పేర్లు కనిపించకపోతే వారు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి ఇవ్వాలి, లేదా విక్రయ దస్తావేజులో అమ్మకందారులుగా సంతకం చేయాలి. “మా చెల్లి ఏమీ అనదండి” అన్న మాట కోర్టులో నిలవదు. పాత ఇళ్ల మీద పడే దావాల్లో ఈ తరహావి ఎక్కువ.

పై అంతస్తుకు అనుమతి లేదు, కానీ ఇంటి నంబరు ఉంది, పన్ను కడుతున్నారు. పరవాలేదా?

ఇంటి పన్ను రసీదు నిర్మాణ అనుమతి కాదు. అనుమతి లేని కట్టడం మీద కూడా నగరపాలక సంస్థ పన్ను వేస్తుంది, వసూలు చేస్తుంది. దానివల్ల కట్టడం సక్రమం కాదు. మంజూరైన ప్లాన్ కాపీ అడిగి, దాన్ని చేతిలో పట్టుకుని ఒక్కో అంతస్తూ నడిచి చూడండి. జీప్లస్‌వన్‌కు (కింది అంతస్తు, దాని మీద ఒకటి) అనుమతి తీసుకుని మూడో స్లాబ్ వేయడం, వెనుక ఖాళీగా వదలవలసిన చోట వంటగది కట్టడం, డాబా మీద రేకుల గది వేసి దాన్నొక పోర్షన్ చేయడం సర్వసాధారణం.

శివారు ప్రాంతాల్లో ఇంకో మెలిక ఉంది. కూకట్‌పల్లి, ఎల్‌బీ నగర్, మల్కాజిగిరి వంటివి 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడే దాకా వేరే మున్సిపాలిటీలు. అంతకుముందు చాలా కాలనీలు గ్రామపంచాయతీల కింద ఉండేవి. పంచాయతీ ఇచ్చిన అనుమతి అని చూపే కాగితం, ఆ రోజుల్లో అంత ఎత్తుకు అనుమతినిచ్చే అధికారం ఉన్నవారు ఇచ్చిందో కాదో తేల్చుకోవాలి.

అనుమతి లేని కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించడం కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), తెలంగాణలో 2015లో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పథకాలు వచ్చాయి. రెండోది కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుంది. అమ్మేవారు తరచూ దరఖాస్తు రసీదు చూపి “రెగ్యులరైజ్ అయిపోయింది” అంటారు. రసీదు ఉత్తర్వు కాదు, ఉత్తర్వు చూపించమనండి. లేదంటే ఆ అంతస్తు అద్దెను మీ లెక్కలోంచి తీసేసి, అది లేని భవనానికి ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి.

భవనం గట్టిదనం ఎలా తెలుసుకోవాలి?

మొదట అది పిల్లర్ల మీద నిలిచిందా, తొమ్మిది అంగుళాల గోడల మీద నిలిచిందా అన్నది తేల్చుకోవాలి. రెండూ కలిసిన భవనాలు కూడా ఉన్నాయి: కింద గోడల మీద కట్టి, డబ్బు సమకూరాక పైన పిల్లర్లు లేపినవి. అలాంటి వాటి విషయంలో చాలా జాగ్రత్త కావాలి.

ఆ నాటి కాంక్రీటు ఇప్పటి ప్రమాణానికి తక్కువ. 2000లో కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456ను సవరించినప్పుడు ఇనుము వేసిన కాంక్రీటుకు కనీస గ్రేడు ఎం20గా నిర్ణయించారు. అంతకుముందు ఎం15 సరిపోయేది, అది కూడా తట్టలతో కొలిచి కలిపినదే. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి, పగలగొట్టకుండానే కాంక్రీటు గట్టిదనాన్ని అంచనా వేసే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో పాటు రెండు మూడు చోట్ల కార్బనేషన్ పరీక్ష (కాంక్రీటు క్షారగుణం ఎంత లోతు దాకా పోయిందో చూసేది) చేయించండి. ఈ చివరిది చాలా చవక. కొత్తగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలివున్న చోట గులాబీ రంగు వస్తుంది. చువ్వ దాకా రంగు రాలేదంటే, ఆ చువ్వను తుప్పు నుంచి కాపాడే రక్షణ పోయినట్లే. చెమ్మ కూడా తోడైతే ఇక తుప్పు ఆగదు. విశాఖపట్నం వంటి తీర నగరాల్లో దీనికి ఉప్పుగాలి కూడా కలుస్తుంది కాబట్టి అక్కడ క్లోరైడ్ పరీక్ష కూడా అవసరం.

పగుళ్లన్నీ ఒకటి కావు. పై అంతస్తులో స్లాబుకు, గోడకు మధ్య అడ్డంగా కనిపించే గీత సాధారణంగా ఎండకు స్లాబు వ్యాకోచించడం వల్ల వచ్చేది. చూడటానికి బాగుండదు గానీ భయం లేదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగులు పునాది కుంగుదలను సూచించవచ్చు. పిల్లరు పొడవునా నిలువుగా చీలిన గీత కనిపిస్తే లోపల చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతోందని అనుకోవాలి. కొనే ముందు కొత్తగా రంగులు వేసిన భవనాన్ని వానాకాలంలో మరోసారి చూడటం మంచిది.

స్లాబు పెచ్చులూడుతోంది. సిమెంటు పూసి రంగు వేస్తే సరిపోతుందా?

సరిపోదు. తుప్పు, అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. పైన కొత్త సిమెంటు పూస్తే ఒకటి రెండు వానాకాలాల్లో అది కూడా ఊడిపోతుంది. సరైన పద్ధతి ఇది: కింద జాకీలు పెట్టి, వదులైన కాంక్రీటును చువ్వ వెనుక దాకా చెక్కి, తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా తోమి, బాగా సన్నబడిన చోట ఇంజినీరు చెప్పిన మేరకు కొత్త చువ్వ జోడించి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారుతో పొరలుగా నింపాలి. పిల్లర్లకైతే ఫారం కట్టి మైక్రో కాంక్రీటు పోస్తారు. అన్నిటికంటే ముందు, ఆ చోటికి నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవాలి. చాలా సందర్భాల్లో అది పై పోర్షన్ బాత్రూమే.

మరమ్మతు డబ్బు మొదట ఎక్కడ పెట్టాలి?

నీరు దిగే చోట్ల పెట్టాలి: డాబా, బాత్రూములు, డ్రైనేజీ పైపులు. గ్రానైటు మెట్లు, ముఖద్వారం, ఎలివేషన్ ఇవన్నీ ఆ తర్వాతే. దురదృష్టవశాత్తూ అమ్మకానికి పెట్టిన భవనాల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది.

డాబా పని ఫిబ్రవరి, మే నెలల మధ్య ముగించాలి. పాత సున్నపు కోబా (స్లాబు మీద నీరు దిగకుండా వేసిన ఇటుక ముక్కల పొర) ఉబ్బి, తట్టినప్పుడు డొల్లగా శబ్దం చేస్తే దాని మీద కొత్త పూతలు వేసి లాభం లేదు. పూర్తిగా తీసేసి, స్లాబు పగుళ్లు నింపి, గొట్టాల వైపు వాలు వచ్చేలా మళ్లీ వేయించాలి. పారాపెట్ గోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా మలచి, పూతను గోడ మీదికి ఒక అడుగు ఎత్తు దాకా తీసుకెళ్లాలి. ఎక్కువ లీకులు ఆ మూల నుంచే వస్తాయి. చివరగా నీళ్లు కట్టి రెండు రోజులు వదిలి, కింద గదిలో చెమ్మ కనిపించలేదని చూశాకే మేస్త్రీకి ఆఖరి వాయిదా ఇవ్వాలి.

బాత్రూముల విషయంలో చాలామంది అంతస్తులవారీగా పని పెట్టుకుంటారు. అది తప్పు. ఒక నిలువు పైపు మూడు అంతస్తుల బాత్రూములనూ కలుపుతుంది. కాబట్టి ఆ వరుసలోని మూడింటినీ ఒకేసారి తెరిచి, పాత పోతఇనుము, సిమెంటు గొట్టాల స్థానంలో పీవీసీ పైపు వేసి, బాత్రూము కింద పల్లంగా వేసిన స్లాబుకు నీటి నిరోధక పూత పూసి మూసేయాలి. అలాగైతే ఒక్కో వరుసకు ఒకసారే గోడలు పగులుతాయి, మిగతా వరుస పోర్షన్లలో అద్దెదారులు ఉండగలుగుతారు. నీటి సరఫరాకు వేసిన పాత జీఐ (జింకు పూత ఇనుము) పైపులు లోపల తుప్పుతో పూడుకుపోయి ఉంటాయి. వాటిని మిగల్చకుండా సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు మార్చడం మేలు.

పాత గచ్చు మీద గ్రానైటు పరిపించవచ్చా? మధ్య గోడ తీసేయవచ్చా?

రెండు సెంటీమీటర్ల గ్రానైటు, దాని కింద నాలుగు సెంటీమీటర్ల మాలు కలిపితే చదరపు మీటరుకు దాదాపు 138 కిలోల బరువు. నివాస గదుల్లో మనుషులు, సామాన్ల కోసం డిజైనులో లెక్కించే భారమే సుమారు 200 కిలోలు. అంటే పాత షాబాదు బండల మీదే కొత్త రాయి పరిస్తే ఆ వెసులుబాటులో మూడింట రెండు వంతులు మింగేసినట్లు. పాత గచ్చు తీయించి వేయండి, లేదా పాతది గట్టిగా ఉంటే పలుచని టైలును జిగురుతో అతికించండి. మొజాయిక్ నేల ఉంటే పాలిష్ పట్టించి ఉంచేయడం ఇంకా మంచిది. అంత మన్నికైన నేల ఇప్పుడు ఆ ధరకు రాదు.

గోడ సంగతి ఇంజినీరే చెప్పాలి. భారం మోసే గోడల భవనంలో హాలు పెద్దది చేయడానికి తొమ్మిది అంగుళాల గోడ తీసేయడం అంటే పైవారి ప్రాణాలతో ఆడుకోవడమే. డాబా మీద అదనపు ట్యాంకు విషయంలోనూ ఇదే జాగ్రత్త: వెయ్యి లీటర్లంటే టన్ను బరువు.

కరెంటు, నీటి కనెక్షన్ల విషయంలో ఏం మార్చాలి?

ఒక్కో పోర్షన్‌కు విడి మీటరు పెట్టించండి. విద్యుత్ చార్జీలు వాడకం పెరిగే కొద్దీ పై స్లాబుకు వెళ్తాయి కాబట్టి, రెండు మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే అందరికీ బిల్లు పెరుగుతుంది, నెల నెలా పంపకాల తగాదా సరేసరి. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు. అద్దెకున్నవారికీ ఇది వర్తిస్తుంది, కానీ విడి మీటరు లేకుంటే ఎలా అందుతుంది? జలమండలి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకానికి కూడా పనిచేసే మీటరు ఉండాలి.

లోపలి వైరింగు అల్యూమినియందైతే మొత్తం రాగికి మార్చాలి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో విడి లైను, ప్రతి పోర్షన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి), సరైన ఎర్తింగు ఇవి తప్పనిసరి. ఇంకుడు గుంత పూడిపోయి ఉంటే తవ్వించండి. వేసవిలో బోరు ఎండిన వీధిలో ట్యాంకర్ల ఖర్చు మీ అద్దె లాభాన్ని తినేస్తుంది.

ఉన్న అద్దెదారులతో ఎలా వ్యవహరించాలి?

భవనం చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. కాబట్టి ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో అమ్మకందారు చేత రాయించి, ఆ మొత్తాన్ని ధరలోంచి మినహాయించుకోవాలి. లేదంటే వాళ్లు ఖాళీ చేసే రోజున మీ జేబులోంచి ఇవ్వవలసి వస్తుంది. నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. అలాంటి ఇళ్లకు ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు. కానీ పాతికేళ్లుగా కింద మడిగెలో చిన్న అద్దెకు ఉన్న దర్జీనో కిరాణా దుకాణదారునో అద్దె నియంత్రణ చట్టం కాపాడుతూ ఉండవచ్చు. అలాంటివారు ఉన్నారా అన్నది అగ్రిమెంటుకు ముందే తెలుసుకోండి. కుటుంబాలను తొందరపెట్టి పంపడం కంటే, ఖాళీ అయిన పోర్షన్ బాగు చేసి పక్క పోర్షన్‌వారిని అందులోకి మార్చి, వారిది తెరవడం చవక పడుతుంది.

పన్నుల్లో మరమ్మతు ఖర్చు చూపించుకోవచ్చా?

అద్దె ఆదాయంలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతం నేరుగా మినహాయిస్తారు. నిజంగా ఎంత ఖర్చయినా అంతే, విడిగా మరమ్మతు బిల్లులు చూపడానికి లేదు. అద్దెకిచ్చిన భవనం బాగు చేయడానికి తీసుకున్న అప్పు మీద వడ్డీ మాత్రం మినహాయింపుకు వస్తుంది. పాత పన్ను విధానంలో ఇంటి నష్టాన్ని జీతం వంటి ఇతర ఆదాయంతో ఏడాదికి రెండు లక్షల దాకా సర్దుబాటు చేయవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. భవనం విలువ పెంచే పెద్ద పనుల బిల్లులు దాచుకోండి, అమ్మేనాడు అవి కొన్న ధరకు కలుస్తాయి. 50 లక్షలు, ఆ పైన ధర ఉంటే అమ్మేవారికిచ్చే ధరలోంచి ఒక శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను కోత) పట్టుకుని ప్రభుత్వానికి కట్టవలసింది కొనేవారే. అమ్మేవారు ప్రవాసులైతే ఈ ఒక శాతం సూత్రం పనికిరాదు, ఎక్కువ పట్టుకోవాలి. ఆడిటరు చెప్పకుండా డబ్బు చెల్లించకండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఈ పని చేయించవచ్చా?

కొనడానికి అడ్డంకి లేదు. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి. దాన్ని కొనుగోలుకు ఒకరికి, అద్దె వసూలుకు మరొకరికి వేర్వేరుగా, పరిమిత అధికారాలతో ఇవ్వడం క్షేమం. బాగు చేయించడం మాత్రం వేరే సంగతి. నీళ్లు కట్టి చూడటం, పైపు మూసేముందు ఫొటో తీయడం వంటివి బంధువుల మొహమాటానికి వదిలేస్తే జరగవు. జీతమిచ్చి ఒక సైట్ ఇంజినీరును పెట్టుకోలేనివారు బాగు చేయవలసిన భవనం కొనకపోవడమే మేలు.

బాగు చేయడం మానేసి పడగొట్టడం ఎప్పుడు మంచిది?

పిల్లర్లలో చువ్వలు విస్తారంగా తుప్పుపట్టి, కార్బనేషన్ అన్ని అంతస్తుల్లో చువ్వలను దాటిపోయి, బలపరిచే ఖర్చు కొత్త కట్టడం ఖర్చులో సగానికి చేరితే నేను పడగొట్టమనే చెబుతాను. కానీ కొత్తగా కడితే ఇప్పటి నిబంధనల ప్రకారం చుట్టూ ఖాళీ వదలాలి, పార్కింగు చూపించాలి, రోడ్డు వెడల్పులో పోయే స్థలం వదులుకోవాలి. 150 గజాల్లో ఇవన్నీ పోగా పాత ఆరు పోర్షన్ల స్థానంలో నాలుగే రావచ్చు. డెవలపర్‌కు ఇచ్చి చెరిసగం వాటా తీసుకుంటే మీకు మిగిలేవి రెండు. అందుకని ముందు ఒక ఆర్కిటెక్టు చేత ఆ స్థలంలో నేటి నిబంధనలకు లోబడి ఎంత కట్టవచ్చో గీయించి, ఆ బొమ్మను, ఇంజినీరు ఇచ్చిన మరమ్మతు అంచనాను పక్కపక్కన పెట్టుకుని, అప్పుడు అమ్మకందారుతో ధర మాట్లాడండి.